జెండర్ స్టడీస్‌లో పీహెచ్‌డీ, వలస వెళ్లిన స్త్రీల హక్కుల పని: రెండూ కలిసి నడుస్తాయా?

అడిగిన అమ్మాయిది రాయచోటి దగ్గర పల్లె. తిరుపతిలో ఎంఏ సోషియాలజీ పూర్తయింది. వాళ్లమ్మ చాలా ఏళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరే ఉంది, ఇంటికి వస్తానంటే సెలవు ఇవ్వడం లేదు. జెండర్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేసి, గల్ఫ్ వెళ్లే ఆడవాళ్ల హక్కుల కోసం పనిచేయాలని ఈమె కోరిక. ఆ సబ్జెక్టుకు ఉద్యోగాలు ఉండవని కొందరు, ఉద్యమాల్లో తిరిగితే లెక్చరర్ కూడా కాలేవని కొందరు అంటున్నారట. రెండూ చేయగలనా, మా అమ్మ గురించి రాయొచ్చా అని అడిగింది. యూనివర్సిటీలో ఈ సబ్జెక్టు చెబుతూ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన స్త్రీల కేసులు చూస్తూ చాలా ఏళ్లు గడిపిన దాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు అమ్మగారి సంగతి చూడండి, చదువు సంగతి తర్వాత. కువైట్‌లో ఇంటిపని చేసేవాళ్లకు 2015లో ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది, దాని నంబరు 68. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికొక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. పని ముగించి వచ్చేటప్పుడు, చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం లెక్కగట్టి ఇవ్వాలి. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకునే హక్కు యజమానికి లేదు. ఇవన్నీ ఉన్నాయి కదా అని అమ్మగారిని ఆ ఇల్లు వదిలేసి రమ్మని మాత్రం చెప్పకండి. చెప్పకుండా బయటికొస్తే పారిపోయిందని కఫీల్ ఫిర్యాదు చేస్తాడు, అకామా (అక్కడ ఉండే అనుమతి) పోతుంది, కాగితాలు లేనివాళ్లను మనవాళ్లు ఖల్లివెల్లి అంటారే, ఆ స్థితిలో పడిపోతుంది. మీరే ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. 2015 నుంచి ఉన్న ఏర్పాటే అది, కుటుంబ సభ్యులు పెట్టవచ్చు. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, డబ్బు పంపిన ఎక్స్ఛేంజి రసీదులు జతచేయండి. ఎంబసీతో మాట్లాడినా, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీ ఎన్నార్టీ సొసైటీతో మాట్లాడినా ఆ ఫిర్యాదు నంబరు చెప్పే మాట్లాడండి, లేకపోతే ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. అమ్మగారి వాయిస్ మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరపకండి.

ఇక మీ చదువు. జెండర్ స్టడీస్ అంటే ఆడవాళ్ల కష్టాలు పోగేసి రాయడం అనుకునేవాళ్లు యూనివర్సిటీల్లోనే చాలామంది ఉన్నారు. అది కాదు. ఈ సబ్జెక్టు చేసే పని, మనం వేసే ప్రశ్నను మార్చడం. మీ ప్రాంతం ఉదాహరణే తీసుకుందాం. గల్ఫ్ వలస అనగానే మన పత్రికల్లో, అసెంబ్లీ చర్చల్లో వినిపించేది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు మగవాళ్ల కథ: ఏజెంటుకు లక్షలు కట్టడం, దానికి అప్పు, అప్పుకు వడ్డీ, అక్కడ కంపెనీ మోసం. చట్టప్రకారం ఏజెంటు తీసుకోదగ్గది 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు ఎన్నో రెట్లు గుంజుతారు. ఆ అన్యాయం నిజం, దాని మీద పోరాటమూ న్యాయం. కానీ కడప, అన్నమయ్య, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల దగ్గర ఈ కథ చాలావరకు తిరగబడుతుంది. ఆమె ఏజెంటుకు ఏమీ కట్టదు, కట్టినా కొద్దిగా కడుతుంది. టికెట్టు, వీసా, ఏజెంటు కమీషను అన్నీ అక్కడి యజమానే పెట్టుకుంటాడు. ఊళ్లో అందరూ ఫ్రీ వీసా దొరికిందని సంతోషిస్తారు. ఆరు నెలలకో, ఏడాదికో తట్టుకోలేక ఇంటికి పోతానంటే, "నీ మీద నేను పెట్టిన డబ్బు కట్టి పో" అంటాడు. మగవాడికి అప్పు బయల్దేరక ముందే ఉంటుంది, ఆమెకు మాత్రం తిరిగి రావాలనుకున్న రోజున పుట్టుకొస్తుంది. ఆ అప్పుకు కాగితం ఉండదు, ఊళ్లో వడ్డీ వ్యాపారి ఉండడు. అందుకే గల్ఫ్ బాధితుల అప్పుల గురించి చేసే సర్వేల్లో ఆమె కనిపించదు. ఈ తేడా పట్టుకోవాలంటే సానుభూతి ఉంటే సరిపోదు, పద్ధతి కావాలి. ఆ పద్ధతి నేర్పేది ఈ సబ్జెక్టు.

ఇంకో ఉదాహరణ మన సొంత చట్టంలోనే ఉంది. విదేశీ పనులకు వెళ్లేవాళ్లకు మనకున్నది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. పదో తరగతి పాస్ కాని వాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి తీసుకోవాలి, వాళ్ల పాస్‌పోర్టునే ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్) పాస్‌పోర్టు అంటారు. ఆ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 ఆగస్టు నుంచి ఆమె ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివి. మగవాడికి ఈ రెండు షరతులూ లేవు. ఉద్దేశం రక్షణే. కానీ 26 ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఇల్లు గడవక వెళ్లాలనుకుంటే ఆగిపోతుందా? ఆగదు. విజిట్ వీసా మీద దుబాయ్ దాకా వెళ్లి అక్కడి నుంచి ఇంకో దేశానికి దాటిస్తారు, లేదా ఎయిర్‌పోర్టులో పుషింగ్ చేయిస్తారు (లంచమిచ్చి తనిఖీ దాటిస్తారు), లేదా పాస్‌పోర్టులో వయసు మారిపోతుంది. అలా వెళ్లిన మనిషి పేరు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ నమోదు రికార్డులో ఉండదు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రావాల్సిన 10 లక్షల బీమా ఉండదు, ఎంబసీ దగ్గర ఆమె ఒప్పందం ప్రతి ఉండదు. రక్షించాల్సిన చట్టమే ఆమెను రక్షణ బయటికి నెట్టేసింది. అదే వయసులో ఉండి పదో తరగతి పాసైన స్త్రీని ఎవరూ అడగరు, ఆమె చేయబోయేదీ అదే ఇంటిపని అయినా సరే.

దీని మీద హక్కుల సంఘాల్లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. వయసు నిబంధన తీసేస్తే ఏజెంట్లు చిన్నపిల్లల్ని కూడా తీసుకుపోతారని భయపడేవాళ్లు ఉన్నారు. వాళ్లు చూసిన కేసులు నేనూ చూశాను, ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. అయినా నా నిర్ణయం స్పష్టం: వయసు ఆంక్ష పోవాలి, దానికి బదులు ప్రభుత్వ సంస్థ మండల కేంద్రం దాకా రావాలి, ఒప్పందం తెలుగులో చదివి వినిపించాలి. స్త్రీల పట్ల వివక్షను నిర్మూలించే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 1993లో ఆమోదించింది. ఆ ఒడంబడిక కమిటీ వలస కార్మిక స్త్రీల గురించి 2008లో చేసిన 26వ సాధారణ సిఫారసు ఇలాంటి ఆంక్షలను ఎత్తేయమనే చెబుతోంది. మీరు ఈ రంగంలోకి వస్తే మొదట చదవాల్సిన కాగితాల్లో అదొకటి. గృహ కార్మికుల మీద 2011లో వచ్చిన ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 189వ ఒప్పందాన్ని మనం ఇంతవరకు ఆమోదించలేదన్నది కూడా గుర్తుంచుకోండి. కువైట్‌ను నిలదీసేటప్పుడు, మన హైదరాబాద్ అపార్టుమెంట్లలో పనిచేసే మనిషికి మనమేం ఇచ్చామన్న ప్రశ్న ఎదురొస్తుంది. రావాలి కూడా.

ఈ చదువుకు మన దగ్గర ఉన్న వేళ్లు కూడా తెలుసుకోండి. 1974లో దేశంలో స్త్రీల స్థితిగతుల మీద కేంద్ర కమిటీ ఇచ్చిన నివేదిక తర్వాత ఈ రంగం బలపడింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) విమెన్స్ స్టడీస్ సెంటర్లు, అంటే స్త్రీల అధ్యయన కేంద్రాలు, ఎనభైల్లో మొదలయ్యాయి. హైదరాబాద్‌లో అన్వేషి అనే స్త్రీల అధ్యయన పరిశోధన సంస్థ 1985లో పుట్టింది. స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీల సంఘం వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ల అనుభవాలను వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి 1986లో పుస్తకంగా తెచ్చారు. మన భాషలో, మన ఊళ్లల్లో, చదువులేని మనిషి మాటను చరిత్రకు ఆధారంగా నిలబెట్టిన పని అది. గల్ఫ్ నుంచి వచ్చిన స్త్రీలతో మాట్లాడబోయే మీకు అంతకంటే దగ్గరి బంధువు విదేశీ పుస్తకాల్లో దొరకదు.

ఉద్యోగాల మాటకొస్తే, మిమ్మల్ని భయపెట్టినవాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. విమెన్స్ స్టడీస్ సెంటర్లు చాలావరకు ప్రణాళికా నిధుల మీద ఆధారపడి నడిచాయి. 12వ పంచవర్ష ప్రణాళిక 2017లో ముగిశాక వాటి భవిష్యత్తు ఏమిటన్నది పెద్ద ఆందోళనగా మారింది. చాలాచోట్ల పోస్టులు కాంట్రాక్టువే. డిగ్రీ కాలేజీ నోటిఫికేషన్లలో విమెన్స్ స్టడీస్ పేరు అరుదు. కాబట్టి సోషియాలజీని వదలకండి. నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి జాతీయ అర్హత పరీక్ష) సోషియాలజీలో రాయండి, తర్వాత విమెన్ స్టడీస్‌లో కూడా రాయండి, ఆ సబ్జెక్టుకు నెట్ వేరుగా ఉంది. రాష్ట్ర స్థాయి పరీక్ష ఏపీ సెట్ కూడా రాయండి, రాష్ట్రంలోని కాలేజీలకు పనికొస్తుంది. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ లేదా సెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. స్త్రీలకు వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. జేఆర్ఎఫ్ రాకపోతే ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్ చూడండి. మీ కేటగిరీని బట్టి ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్‌లు వేరే ఉన్నాయి. రాయచోటి ప్రాంతంలో కువైట్ వెళ్లినవాళ్లలో ముస్లిం కుటుంబాలు చాలా ఎక్కువ, ఆ ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ఆపేశారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. ఎవరి గురించి పరిశోధన జరుగుతోందో వాళ్ల పిల్లలే పరిశోధకులు కాకుండా పోయే దారి అది.

చేరడానికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విమెన్స్ స్టడీస్ సెంటర్ ఉంది, మీ తిరుపతిలోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. వలసల మీద మాత్రం తిరువనంతపురం సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను తప్పకుండా చూడండి. కేరళ వలస సర్వే 1998లో మొదలైంది అక్కడే. దక్షిణాది నుంచి ఇంటిపనికి పశ్చిమాసియా వెళ్లే స్త్రీల మీద అక్కడి ప్రొఫెసర్ ప్రవీణా కోడోత్ చేసిన పనిలో మన జిల్లాలు కూడా ఉన్నాయి. చోటు కంటే గైడ్ ముఖ్యం. దరఖాస్తుకు ముందే ఆ గైడ్ దగ్గర ఇప్పటికే పీహెచ్‌డీ చేస్తున్న ఇద్దరితోనైనా మాట్లాడండి: ఫీల్డుకు పంపిస్తారా, డ్రాఫ్టు ఇస్తే ఎన్నాళ్లకు చదువుతారు, ఈ రెండే అడగండి. పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు, స్త్రీలకు అదనంగా రెండేళ్లు, ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంది. పెళ్లి గురించి ఇంట్లో మాట్లాడేటప్పుడు ఈ నిబంధన చేతిలో పెట్టుకుని మాట్లాడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండూ కలిసి నడుస్తాయా? నడుస్తాయి, కానీ రెండింటి మధ్య గట్టు ఉండాలి. నేను పట్టుబట్టి చెప్పే నియమం ఒక్కటే: సాయానికి ఇంటర్వ్యూ ధర కాకూడదు. సాయం కోసం వచ్చిన మనిషి చెప్పిన మాట కేసు కోసం చెప్పిన మాట. అది నా థీసిస్ కోసం చెప్పింది కాదు. ఆ రాత్రి ఆమెకు కావలసింది ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ప్రయాణ పత్రం), టికెట్టు, రావలసిన జీతం. మీ చేతిలో రికార్డర్ కనిపిస్తే, అడిగినవన్నీ చెబితేనే పని జరుగుతుందేమోనని ఆమె అనుకుంటుంది, అడగనివి కూడా చెబుతుంది. అలా వచ్చింది ఒప్పుకోలు అనిపించుకోదు.

చిట్వేలు వైపు ఒకావిడ కేసు చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. కువైట్ నుంచి వచ్చి, అరుగు మీద ఒక ప్లాస్టిక్ కవరు నా ముందు పెట్టింది. అందులో పాస్‌పోర్టు, ఎవరూ చదివి చెప్పని అరబిక్ కాగితం, వెళ్లేముందు చేయించిన మెడికల్ చీటీ, రబ్బరు బ్యాండు వేసిన ఎక్స్ఛేంజి రసీదుల కట్ట ఉన్నాయి. జీతం ఎన్ని నెలలు రాలేదని అడిగితే చెప్పలేకపోయింది, అలా అడిగితే ఎవరూ చెప్పలేరు. రసీదులు తేదీల వరుసలో నేల మీద పరిచాం. ఖాళీలు కనిపించాయి. ఒక్కో ఖాళీ దగ్గర వేలు పెట్టి చూపిస్తే ఆమెకు అన్నీ గుర్తొచ్చాయి: ఇది రంజాన్ నెల, పండగయ్యాక ఇస్తామన్నారు, ఇది పెద్దమ్మాయి పెళ్లి, డబ్బులు సర్దుకోలేదన్నారు, ఇది వాళ్లు ఊరెళ్లినప్పుడు నన్ను వాళ్ల చెల్లెలింట్లో పనికి పెట్టిన నెల. ఆ చివరిది విన్నప్పుడు నాలోని పరిశోధకురాలు లేచి కూర్చుంది. ఒక ఇంటి వీసా మీద వచ్చిన మనిషిని జీతం లేకుండా ఇంకో ఇంటికి అప్పివ్వడం, ఆ శ్రమ ఎవరి ఖాతాలోనూ లేకపోవడం, ఇది పెద్ద విషయం. కానీ ఆ రోజు రాసుకున్నది బకాయి లెక్క మాత్రమే. కేసు ఒక కొలిక్కి వచ్చాక, చాలా నెలల తర్వాత మళ్లీ వెళ్లి, ఇది వేరే పని, చెప్పకపోయినా మీ కేసుకు ఏమీ కాదు అని వివరించి అడిగాను. ఆమె ఒప్పుకుంది. అదే తీరులో అడిగిన ఇంకొకావిడ వద్దంది. వద్దన్న మనిషి కథ నా వ్యాసాల్లో ఎక్కడా లేదు, ఎంత పనికొచ్చేదైనా సరే.

పేరు మార్చితే గోప్యత అయిపోయిందనుకోకండి. మన పల్లెల్లో ఏ ఇంటావిడ ఏ ఏడు కువైట్ నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. ఊరు, పిల్లల సంఖ్య, కఫీల్ చేసే ఉద్యోగం అన్నీ కలిపితే మనిషి దొరికిపోతుంది. ఫొటోలు వద్దు. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి మొక్కుబడి కాదు, దాని కోసం రాసే కాగితమే మీకు సగం ఆలోచన నేర్పుతుంది.

ఏజెంటు విషయంలో కూడా సిద్ధపడండి. పెద్ద ఏజెంట్లు ముంబయిలోనో చెన్నైలోనో ఉంటారు. ఊళ్లో వాళ్ల మనిషి చాలాసార్లు ఒకప్పుడు తానే వెళ్లొచ్చిన ఆడమనిషి, మీకు పిన్నో అత్తో అవుతుంది కూడా. ఆమెకు తలకింత కమీషను వస్తుంది, అదే దారిలో సొంత చెల్లెల్నీ పంపుతుంది. పోలీసు కేసు అయితే మొదట పట్టుబడేదీ ఆమే. ఆమెను దుర్మార్గురాలిగా రాయడం తేలిక, రాస్తే పైనున్నవాళ్లు తప్పించుకుంటారు. ఆమెతో కూడా కూర్చుని మాట్లాడే ఓపిక మీకుండాలి.

ఉద్యమం చేస్తే ప్రమోషన్ రాదా? ధర్నాకు పాయింట్లు ఉండవు, నిజమే. కాబట్టి వ్యాసాలు రాయడం ఆపకూడదు, డబ్బు కట్టించుకుని అచ్చేసే పత్రికల జోలికి మాత్రం పోవద్దు. కానీ కేసుల పని నా పరిశోధనను ఎప్పుడూ తగ్గించలేదు. యజమాని పెట్టిన ఖర్చే ఆమె అప్పుగా మారుతుందన్న సంగతి నాకు తెలిసింది సెమినార్లో కాదు, సెటిల్‌మెంట్ మాట్లాడేటప్పుడు. విడిగా ఒక్కరే ఈ పని తలకెత్తుకోకండి. నేషనల్ డొమెస్టిక్ వర్కర్స్ మూవ్‌మెంట్ లాంటి సంఘాలతో కలిసి చేయండి. కేసు సంఘం పేరున నడిస్తే, మీరు థీసిస్ రాసే నెలల్లో అది ఆగిపోదు. అరబిక్ అక్షరాలు నేర్చుకోండి, ఉర్దూ వస్తే మరీ మంచిది.

వలస హక్కులంటే గల్ఫ్ ఒక్కటే కాదని కూడా చెప్పాలి. తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాల్లో అడ్వాన్సు మగవాడి చేతికి ఇస్తారు, ఇటుకల లెక్క జట్టు మొత్తానికి కడతారు, భార్య కూలి ఎంతో ఎక్కడా రాయరు. అమెరికాలో హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీదున్న భర్త వెంట వెళ్లే భార్యకు ఇచ్చేది) మీదున్న మన అమ్మాయిలకు 2015 దాకా పనిచేసే అనుమతే లేదు, ఇప్పటికీ అందరికీ లేదు. చదువులో, ఆదాయంలో వీళ్లకూ మీ అమ్మగారికీ పోలిక లేదు. కానీ వీసా గానీ, కూలి లెక్క గానీ ఇంకొకరి చేతిలో ఉంటే ఇంట్లో ఏం జరుగుతుందన్న ప్రశ్న ముగ్గురి దగ్గరా ఉంది.

అమ్మగారి గురించి రాయొచ్చా అన్నారు. ఆమె అక్కడ ఉన్నంతకాలం వద్దు. ఆమె ఫోను ఆ ఇంట్లోనే ఉంటుంది, ఎవరు వింటారో తెలియదు. తిరిగొచ్చి, స్థిమితపడ్డాక అడగండి. కూతురిగా అడిగినప్పుడు చెప్పినవి వేరు, రాసుకుంటానని అడిగినప్పుడు చెప్పేవి వేరు. రాసింది మొత్తం ఆమెకు చదివి వినిపించి, వద్దన్న చోట కొట్టేయండి. ఆమె కథ లేకుండా కూడా మీ థీసిస్ నిలబడేలా ఉండాలి, అప్పుడే ఆమె వద్దనగలదు.

మీరు పంపిన ప్రతిపాదన పేరు "గల్ఫ్ వలస మహిళల సమస్యలు". ఈ పేరుతో ఇంటర్వ్యూకు వెళితే బోర్డు వాళ్లు మొదటి నిమిషంలోనే ఆపేస్తారు, ఎందుకంటే ఇందులో ప్రశ్న లేదు. మీ ఊళ్లోనే ప్రశ్న ఉంది. ఆర్లీ హాక్‌షీల్డ్, రాసెల్ పరేనాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఫిలిప్పీన్స్ తల్లుల వలసను చూసి, సంపన్న దేశంలో పిల్లల్ని పెంచే స్త్రీ వెనక ఆమె సొంత పిల్లల్ని పెంచే ఇంకో స్త్రీ ఉంటుందని, అలా ఆ గొలుసు సాగుతుందని చూపించారు. మీ విషయంలో ఆ రెండో స్త్రీ మీ అమ్మమ్మ అని మీరే రాశారు. మరి అమ్మమ్మకు జబ్బు చేసినప్పుడు ఆ పని ఎవరి మీద పడింది? చదువు మానేసిన అక్క మీదా, పక్కింటి వాళ్ల మీదా, నాన్న మీదా? కువైట్ డబ్బు ఎవరి ఖాతాలో పడింది, దాంతో కట్టిన ఇల్లు ఎవరి పేరున ఉంది? రెండు మండలాలు తీసుకోండి, తల్లి వెళ్లిన ఇళ్లూ తండ్రి వెళ్లిన ఇళ్లూ పక్కపక్కన పెట్టి ఈ రెండే ప్రశ్నలు వేయండి. రెండు పేజీలు ముందు తెలుగులో రాసి నాకు పంపండి. ఇంగ్లీషు ప్రతి ఆ తర్వాత కూర్చుని చేద్దాం.